గురి మనది, తూటా ఎవరిది?

తెరమీది తుపాకీలో మందుగుండు లేదు, ఉక్కు గొట్టం లేదు. అయినా తూటా గురి తప్పుతుంది. అది తప్పేటట్లు ఎవరో లెక్క కట్టి పెట్టారు కనుక.

కిందటి దసరా సెలవులకు మా అక్కయ్య కొడుకు హైదరాబాదు నుండి మా ఇంటికి వచ్చినప్పుడు ముఖం వేలాడవేసుకుని వచ్చాడు. ఇంజనీరింగు మూడవ సంవత్సరం చదువుతున్నాడు. ఏ పరీక్షైనా తప్పాడేమోనని ఇంటిల్లిపాదీ కంగారుపడ్డాము. సంగతి అది కాదు. కళాశాలల మధ్య జరిగిన కంప్యూటర్ ఆటల పోటీలో వీడి జట్టు చివరిదాకా వెళ్ళి, ఆఖరి రౌండులో ఓడిపోయింది. ఆ రౌండులో తమవాళ్ళలో ప్రాణాలతో మిగిలినవాడు వీడొక్కడే. ఎదుటి జట్టులోనూ ఒక్కడే మిగిలాడు. గోడ మలుపులో ఇద్దరూ ఎదురెదురు పడ్డారు. వీడే ముందు కాల్చాడు. తూటా తగలలేదు. అవతలివాడి తూటా తగిలింది.

"నా గురి వాడి తలమీదే ఉంది మామయ్యా. తూటాయే పక్కకు పోయింది. దానికి నేనేం చేసేది?" అన్నాడు.

ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదట! ఆ సామెత నా నాలుక చివరిదాకా వచ్చింది కాని, కుర్రవాడి ముఖం చూసి మింగేశాను. మూడు నెలలు రాత్రింబవళ్ళు సాధన చేసిన నలుగురు స్నేహితులు వీడితో మాట్లాడటం మానేశారట. కనుక వాడి ప్రశ్నను ప్రశ్నగానే తీసుకుందామనుకున్నాను. గురి సరిగా ఉన్నప్పటికీ తూటా పక్కకు పోవటం సాధ్యమేనా? సాధ్యమైతే ఆ తప్పు ఎవరిది?

అనువాదం నా వృత్తి. ఏ విషయంలో దిగినా ముందు మాటలు వెదుక్కోవటం అలవాటు. మా మేనల్లుడి సంభాషణలో పదే పదే దొర్లిన ఇంగ్లీషు మాటలు రెండు: స్ప్రెడ్, రీకాయిల్. నిఘంటువులు మొదటిదానికి 'వ్యాప్తి' అనీ, రెండవదానికి 'ప్రతిక్షేపం' అనీ గంభీరమైన అర్థాలు చెబుతాయి. నాటు తుపాకీ పట్టినవాడెవడూ అలా అనడు. తుపాకీ 'తన్నింది' అంటాడు, గుళ్ళు 'చెదిరాయి' అంటాడు. అంతకంటె మంచి మాటలు నాకు కనబడలేదు. ఈ వ్యాసంలో వాటినే వాడుకుంటాను: తన్ను, చెదురు.

నిజమైన తుపాకీలో ఈ రెండూ ప్రకృతి ధర్మాలు. తూటా ముందుకు దూకితే తుపాకీ వెనక్కు తన్నుతుంది. న్యూటన్ మూడవ సూత్రాన్ని భుజంతో నేర్చుకునే పద్ధతి అది. వరుసగా కాల్చినప్పుడు ప్రతి తన్నుకూ గొట్టం మూతి కొంచెం పైకి లేస్తుంది. ఇక చెదురు సంగతి: ఒకే తూటాలో పదుల కొద్దీ సీసపు గుళ్ళు ఉండే తుపాకీ పేల్చితే, గొట్టం దాటగానే ఆ గుళ్ళు చేటలోని బియ్యం విసిరినట్లు విచ్చుకుంటాయి. దగ్గరి పిట్టకు అన్నీ తగులుతాయి, దూరపు పిట్టకు ఒకటో రెండో.

తెరమీద ఇవేవీ లేవు. అక్కడ తూటా అంటే ఒక సరళరేఖ. కంప్యూటరుకు వదిలేస్తే ఆ రేఖ గురి చుక్క నుండి వెంట్రుకవాసి కూడా తొలగదు. తొలగించాలంటే మనిషి పూనుకొని అంకెలు రాయాలి. రాస్తున్నారు. ఎంత తన్నాలి, ఎటు తన్నాలి, ఎన్నవ తూటా నుండి చెదరటం మొదలు కావాలి, పరుగెత్తుతూ కాల్చితే ఎన్ని డిగ్రీలు, నిలబడితే ఎన్ని, కూర్చుంటే ఎన్ని అని ప్రతి ఆయుధానికీ ఒక జాతకచక్రం వేసి పెడుతున్నారు. దీన్ని దిద్దటమే పూర్తికాలపు ఉద్యోగంగా గలవారు పెద్ద సంస్థలలో ఉన్నారు.

ఎందుకింత శ్రమ అని నేనూ అడిగాను. మా మేనల్లుడు ఇచ్చిన జవాబు నాకు నచ్చింది. "తూటా ఎప్పుడూ గురి తప్పకపోతే దూరానికి విలువ ఉండదు మామయ్యా" అన్నాడు. ఆలోచించి చూస్తే నిజమే. ప్రతి తుపాకీ ఎంత దూరాన్నైనా ఒకే విధంగా కొట్టగలిగితే, దూరం నుండి కొట్టేందుకని చేసిన తుపాకీ ఎవరికీ అక్కరలేదు. ప్రాణాలకు తెగించి దగ్గరకు చొచ్చుకుపోయేవాడి సాహసానికి బహుమానం ఉండదు. చేయి చురుకైనవాడే అన్నిచోట్లా రాజు.

'హీరో షూటర్' అనే జాతి ఆటలలో ఈ అవసరం మరింత ఎక్కువ. వీటిలో ఆటగాడు పేరులేని సైనికుడు కాడు. ప్రతి పాత్రకూ ఒక పేరు, ఒక రూపం, తనదే అయిన శక్తి ఉంటాయి. ఒకడు గాయాలు మాన్పుతాడు, ఒకడు గోడ కడతాడు, ఒకడు మాయమవుతాడు. ఇన్ని రకాలవారిని ఒకే రంగస్థలం మీద నిలబెట్టి, ఎవరూ ఎవరినీ మింగెయ్యకుండా తూకం నిలపాలి. 2007 అక్టోబరులో వాల్వ్ సంస్థ విడుదల చేసిన 'టీమ్ ఫోర్ట్రెస్ 2', 2016 మే నెలలో బ్లిజార్డ్ విడుదల చేసిన 'ఓవర్‌వాచ్', 2020 జూన్‌లో రయట్ గేమ్స్ విడుదల చేసిన 'వాలరాంట్' ఈ జాతిలో ప్రసిద్ధమైనవి. ఈ మూడూ చెదురును మూడు విధాలుగా అర్థం చేసుకున్నాయి.

మొదటిదానిలో స్కౌట్ అనే పరుగులవీరుడి తుపాకీ ఒక్కసారికి 10 గుళ్ళు చిమ్ముతుంది. ఒక్కొక్క గుండు మామూలు దెబ్బ 6. దగ్గరకు పోయేకొద్దీ దెబ్బ పెరుగుతుంది, దూరమయ్యేకొద్దీ తరుగుతుంది. ఈ పది గుళ్ళూ ఎటెటు చెదరాలన్నది ప్రతిసారీ కంప్యూటరు పాచికలు వేసి తేల్చేది. ఒకే దూరంలో, ఒకే గురితో రెండుసార్లు కాల్చినా రెండు దెబ్బలు సమానం కాకపోవచ్చు. సరదాగా ఆడుకునేవాళ్ళు దీన్ని పట్టించుకోలేదు. పందేలు కట్టి, జట్లు కట్టి పోటీలు ఆడేవాళ్ళకు మాత్రం ఇది కంటిలో నలుసు. ఒక గుండు అటో ఇటో పోయినందుకు టోర్నమెంటు పోతే ఎవరికి చెప్పుకోవాలి? అందుకని పోటీలలో గుళ్ళు ప్రతిసారీ ఒకే నమూనాలో, చదరంగా పడే ఏర్పాటు వాడుకలోకి వచ్చింది. 2016లో సంస్థ స్వయంగా పోటీ విభాగం తెరిచినప్పుడు అక్కడ ఈ స్థిరమైన చెదురునే పెట్టింది.

ఆ ఆటలోనే మరొక జూదం ఉన్నది. మామూలు దెబ్బ అప్పుడప్పుడు ఉన్నట్టుండి మూడింతలై తగులుతుంది. చాలా ఆయుధాలకు దీని అవకాశం నూటికి 2తో మొదలై, కొద్ది సేపట్లో శత్రువులకు ఎక్కువ నష్టం చేసినవాడికి 12 వరకు పెరుగుతుంది. ఉన్నవాడికే మరింత పెట్టే పద్ధతి! పోటీలలో దీన్నీ తీసివేశారు. మామూలు ఆటలో మాత్రం ఉంచారు. కొత్తగా వచ్చినవాడు సైతం ఎప్పుడో ఒకసారి మొనగాణ్ణి పడగొట్టి కేరింతలు కొట్టాలంటే దైవం కొంత తోడు రావాలి. పెళ్ళిళ్ళలో పెద్దవాళ్ళు చిన్నపిల్లలతో పేకాడేటప్పుడు కావాలని ఒకటి రెండు ఆటలు వదిలేస్తారే, ఇక్కడ ఆ పెద్దరికాన్ని యంత్రానికి అప్పగించారనుకోవచ్చు.

'ఓవర్‌వాచ్' కథ దీనికంటె సూక్ష్మమైనది. అందులో 'సోల్జర్ 76' అనే పాత్ర ఉన్నది. మిగతావారి మాయలూ మంత్రాలూ అక్కరలేకుండా రైఫిలు పట్టి కాల్చే సాదా సైనికుడు. అతని రైఫిలు మొదటి కొన్ని తూటాలను సూటిగా పంపి, మీట అలాగే నొక్కి ఉంచితే క్రమంగా చెదరటం మొదలుపెట్టేది. విడుదలైనప్పుడు తూటా దెబ్బ 17. అతన్ని ఎవరూ ఎంచుకోవటం లేదని 2016 నవంబరు సవరణలో దాన్ని 20 చేశారు. ఊరికే ఇవ్వలేదు, చెదురు గరిష్ఠ పరిమితిని కొద్దిగా పెంచి మరీ ఇచ్చారు. ఓపికగా విడివిడిగా కాల్చేవాడికి లాభం, మీట వదలకుండా కుమ్మరించేవాడికి నష్టం.

తక్కెడ అవతలివైపు ఒరిగింది. ఎక్కడ చూసినా ఆ సైనికుడే. 2017లో 20ని 19కి దించారు. ఒక్క అంకె! ఇంత చిన్న మార్పుకు అంత రభస ఎందుకని ఎవరికైనా అనిపిస్తుంది. కాగితం మీద గుణించి చూడండి. ఆనాటి ఆటలో చాలామంది పాత్రల ప్రాణం 200. దెబ్బకు 20 చొప్పున 10 తూటాలు చాలు. 19 చొప్పున 10 తూటాలకు 190 అవుతుంది, పదకొండవ తూటా కావాలి. ఆ రైఫిలు సెకనుకు సుమారు 9 తూటాలు కాల్చుతుంది. అంటే ఆ ఒక్క అంకె ఎదుటివాడికి సెకనులో తొమ్మిదవ వంతు ఆయుర్దాయం ప్రసాదించింది. పదకొండవ తూటా వచ్చే వేళకు చెదురు కూడా పెరిగి ఉంటుంది కనుక అది తగులుతుందన్న నమ్మకమూ తక్కువే. ఆ సందులోనే తప్పించుకుని బయటపడేవాళ్ళు ఎందరో. బంగారం తూచే కంసాలి కూడా ఇంత సన్నని గురిగింజ వాడడు.

మా మేనల్లుడు ఆడి ఓడిపోయినది మూడవ ఆట, 'వాలరాంట్'. ఇందులో రెండు రైఫిళ్ళు ప్రధానం: వాండల్, ఫాంటమ్. ఆటలో సంపాదించే డబ్బుతో రౌండు రౌండుకూ ఆయుధాలు కొనుక్కోవాలి. ఈ రెండింటి ధర సమానమే, 2,900. ఏది మేలన్న వాదం ఆట పుట్టిననాటినుండి తెగలేదు. తెగకూడదనే ఆ లెక్కలు వేశారు. కవచం నిండుగా తొడిగినవాడి ప్రాణం 150. వాండల్ తూటా తలకు తగిలితే దెబ్బ 160, ఎంత దూరమైనా సరే. ఒక్క తూటాతో సరి. ఫాంటమ్ తూటా దగ్గరలో ఆ పని చేయగలదు, దూరంలో దాని బలం తరిగి 150కి దిగువన ఆగిపోతుంది. దానికి బదులుగా ఫాంటమ్ త్వరగా కాల్చుతుంది, తక్కువ చప్పుడు చేస్తుంది, కొంచెం తక్కువ చెదురుతుంది. నిలబడి కాల్చిన మొదటి తూటాకు వాండల్ చెదురు పావు డిగ్రీ, ఫాంటమ్‌ది డిగ్రీలో అయిదవ వంతు.

పావు డిగ్రీ ఏపాటిదని తీసిపారేయకండి. 50 మీటర్లు పోయేసరికి అది దాదాపు 22 సెంటీమీటర్లవుతుంది. మనిషి తల వెడల్పు సుమారు 15 సెంటీమీటర్లు. కనుక అంత దూరంలో, కదలకుండా నిలబడి, తల నడిమధ్యన గురి నిలిపినా తూటా చెవి పక్కనుండి పోవచ్చు. మా వాడి మాట శుద్ధ అబద్ధమేమీ కాదన్నమాట. ఆ మేరకు నేను మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

ఇక్కడ తన్నుకూ చెదురుకూ ఉన్న భేదం స్పష్టం చేయాలి. ఈ వ్యవహారమంతటికీ కీలకం అదే. తన్ను నేర్చుకోదగినది. 1999లో 'హాఫ్ లైఫ్' అనే ఆటకు అనుబంధంగా పుట్టిన 'కౌంటర్ స్ట్రైక్' వంశంలో వరుస తూటాల తన్ను దాదాపు ఒకే దారిన పోతుంది: ముందు పైకి, తరువాత పక్కలకు. ఆటగాళ్ళు ఖాళీ గోడ ముందు నిలబడి తూటాల మచ్చలు చూస్తూ, మౌస్‌ను సరిగ్గా దానికి ఎదురుదారిలో లాగటం వేలసార్లు అభ్యసిస్తారు. వీణ మీద గమకం పట్టుబడినట్లు ఒకనాటికి చేతికి అలవడుతుంది. చెదురు అలాంటిది కాదు. వెయ్యేళ్ళు సాధన చేసినా పాచిక ఎటు పడుతుందో చేతికి తెలియదు. తెలిసేది ఒక్కటే, పాచిక వేయవలసిన అవసరం లేకుండా చూసుకోవటం: దగ్గరకు పోవటం, పరుగు ఆపటం, రెండు తూటాలు కాల్చి ఊపిరి పీల్చుకోవటం.

అలాగైతే చెదురును తీసేసి తన్ను ఒక్కటే ఉంచితే ఆట న్యాయంగా ఉండదా అని ప్రశ్న. చాలామంది నిపుణులైన ఆటగాళ్ళు అదే కోరతారు. అయితే నేర్చుకోదగినదాన్ని మనిషే నేర్చుకోవాలని లేదు. తన్ను దారి ముందుగా తెలిస్తే, ఆ దారికి ఎదురు లాగే చిన్న ప్రోగ్రామును మౌస్‌లో పెట్టుకుని, ఏళ్ళ సాధనను సున్నా చేసే మోసగాళ్ళు ఉన్నారు. వాలరాంట్ తయారీదారులు తూటాలు పక్కలకు ఊగే దిశను యాదృచ్ఛికం చేయటంలో ఈ మోసానికీ కొంత అడ్డుకట్ట పడింది. చెదురుకు సైతం కన్నం వేసినవారున్నారు. గోడమీద తూటా మచ్చ వెంటనే కనబడాలని, కొన్ని పాత ఆటలలో ఆటగాడి కంప్యూటరూ, ఆట నడిపే దూరపు కంప్యూటరూ ఒకే పాచికను చెరొకవైపు వేసుకునేవి. తన ఇంటి పాచికను కాల్చకముందే తొంగి చూసి, దానికి తగినట్లు గురి జరుపుకుంటే చెదురు లేనట్లే! ఆ దారి మూయాలంటే ఇంటి పాచికకూ అసలు పాచికకూ సంబంధం తెంచాలి. దైవాన్ని కూడా తాళం వేసి కాపాడుకోవలసిన రోజులు.

నైపుణ్యమెంత, అదృష్టమెంత అన్న ఈ తగవు మన ప్రాంతానికి కొత్త కాదు. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవారిని పోలీసులు పట్టుకున్న కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. 1967లో తీర్పు చెబుతూ న్యాయస్థానం, పడిన ముక్కలను జ్ఞాపకం పెట్టుకోవటం, ఏది ఉంచాలో ఏది పారవేయాలో ఎంచుకోవటం నైపుణ్యమేననీ, మూడు ముక్కలాట వలె రమ్మీ కేవలం అదృష్టం కాదనీ తేల్చింది. ముక్కలు కలపటంలో దైవమున్నా ఆట మొత్తం దైవాధీనం కాదని దాని భావం. ఆనాటి న్యాయమూర్తులకు ఈ తుపాకీల ఆట చూపిస్తే ఏమనేవారో! పేక కలపటం చెదురు, ముక్క పారవేయటం తన్ను అనుకుంటే పోలిక బాగానే కుదురుతుంది. 2025 ఆగస్టులో మన పార్లమెంటు ఆమోదించిన చట్టం డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను, నైపుణ్యమైనా అదృష్టమైనా, మొత్తంగా నిషేధిస్తూనే ఈ-స్పోర్ట్స్‌ను పోటీ క్రీడగా గుర్తించింది. మా మేనల్లుడు ఆడేది ఇప్పుడు చట్టం దృష్టిలో క్రీడ. క్రీడ అన్నాక పిల్లవాడి శ్రమకు లెక్క ఉండాలి గదా!

ఆ లెక్క ఎవరి పక్షాన ఉండాలన్నదే తయారీదారుల తలనొప్పి. 2024 ఫిబ్రవరిలో 'ఓవర్‌వాచ్ 2' నిర్వాహకులు ఒక సాహసం చేశారు. పాత్రలందరి ప్రాణాన్నీ పెంచి, అదే సమయంలో తూటాలను లావు చేశారు. కంటికి కనబడే లావు కాదు. తగిలిందా లేదా అని లెక్కించే కొలతలో లావు. వెంట్రుకవాసిలో తప్పవలసిన తూటా ఇప్పుడు తగులుతుంది, ప్రాణం ఎక్కువ కనుక ఒకేసారి కూలటం తగ్గుతుంది. చేయి వణికేవారికి, నాబోటి నడివయసువారికి ఇది పండుగ. సూదిమొనంత గురి కోసం ఏళ్ళు ధారపోసినవారు మాత్రం తమ ఆస్తిని ఊరందరికీ పంచిపెట్టినట్లు బాధపడ్డారు. ఇరువురి మాటా నాకు న్యాయంగానే తోచింది. కాని ఒప్పుకోవలసి వస్తే, నా సానుభూతి సాధన చేసినవాడివైపే మొగ్గుతుంది. ఏళ్ళ తరబడి ఒక్కొక్క మాటకోసం నిఘంటువులు తిరగేసినవాణ్ణి, చేతిపనికి విలువ తగ్గించే ఏర్పాట్లంటే నాకు సహజంగానే గిట్టదు.

పండుగ మరునాడు మధ్యాహ్నం మావాణ్ణి కూర్చోబెట్టి, "ఏరా, ఆ చివరి రౌండు చిత్రం దాచుకున్నావా?" అని అడిగాను. దాచుకున్నాడు. చూడటానికి మాత్రం మనస్కరించలేదట. ఇద్దరం కలిసి చూశాము. మామూలు వేగంలో చూస్తే వాడు చెప్పినట్లే ఉన్నది: గురి చుక్క తలమీద ఉన్నది, మెరుపు మెరిసింది, తల నిలిచే ఉన్నది.

"దూరమెంత ఉంటుంది?" అన్నాను.

"పదిహేను మీటర్లుండొచ్చు."

"ఏ తుపాకీ?"

"వాండల్."

కాగితం తీసుకున్నాను. 15 మీటర్లకు పావు డిగ్రీ అంటే సుమారు ఆరున్నర సెంటీమీటర్లు. తల నడుమ గురి ఉంటే, ఎటు చెదిరినా తలలోనే పడాలి. కాగితం వాడివైపు జరిపాను. వాడు చాలాసేపు దానివైపు చూశాడు. తరువాత ఏమీ అనకుండా చిత్రాన్ని వెనక్కు తిప్పి, ఒక్కొక్క ఫ్రేము చొప్పున ముందుకు జరపసాగాడు. సెకనుకు 60 ఫ్రేములు. మెరుపు మెరిసిన ఫ్రేము దగ్గర ఆపి, ఎడమవైపు గోడ అంచును వేలితో చూపాడు. తరువాతి ఫ్రేములో ఆ అంచు కొద్దిగా జరిగింది. ఆ తరువాతి ఫ్రేములోనూ జరిగింది. మూడవ ఫ్రేము తరువాత గాని నిలవలేదు.

నాకు అర్థం కాలేదు. "గోడ కదిలిందేమిట్రా?" అన్నాను.

"గోడ కాదు మామయ్యా, నేను. పరుగు పూర్తిగా ఆగకుండానే కాల్చేశాను."

మూడు ఫ్రేములంటే సెకనులో ఇరవయ్యవ వంతు. ఆ కాస్త వ్యవధిలో వాడి తుపాకీకి పావు డిగ్రీ నియమం వర్తించదు. కదులుతున్నవాడికి రాసిపెట్టిన పెద్ద అంకె వర్తిస్తుంది.

సాయంత్రం ఫోను తీసుకుని డాబా మీదకు వెళ్ళి స్నేహితులలో ఒకడితో చాలాసేపు మాట్లాడాడు. ఏమి మాట్లాడాడో నేను అడగలేదు. రాత్రి పదకొండు దాటాక మంచినీళ్ళకని లేచినప్పుడు వాడి గదిలో దీపం వెలుగుతున్నది. తలుపు సందులోనుండి మౌస్ చప్పుడు వినబడింది. ఒక్క నొక్కు, కొంచెం విరామం, మళ్ళీ ఒక్క నొక్కు.